మనం కల్పించిన భూతానికి మనమే భయపడగలమా?

నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ముందు కాగితాలు, పెన్సిళ్లు, కొన్ని పాచికలు ఉంటాయి. వాళ్లలో ఒకరు కథ నడుపుతారు; ఆ మనిషిని గేమ్ మాస్టర్ అంటారు. "మీరు నేలమాళిగ మెట్లు దిగారు, తడి వాసన వస్తోంది, లోపలి నుంచి ఎవరో మీ పేరు పెట్టి పిలుస్తున్నారు, ఏం చేస్తారు?" అని గేమ్ మాస్టర్ అడిగితే, మిగిలినవాళ్లు తమ తమ పాత్రలు ఏం చేస్తాయో చెబుతారు. ఫలితం ఎటు తిరుగుతుందో తెలియనిచోట పాచికలు తేలుస్తాయి. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ వెలువరించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో అమెరికాలో స్థిరపడిన ఈ రోల్‌ప్లేయింగ్ ఆటల్లో భయానక కథలకు ఒక ప్రత్యేక శాఖ ఏర్పడింది. ఆ శాఖలో ఆట నడిపేవాళ్ల ఫిర్యాదు ఎప్పుడూ ఒకటే: ఎవరూ భయపడటం లేదు. భూతాన్ని వర్ణిస్తుంటే మధ్యలో ఎవరో జోకు వేస్తారు. పారిపోవలసినచోట కత్తి దూస్తారు. దాని బలం ఎన్ని పాయింట్లో లెక్కకట్టడం మొదలుపెడతారు. దీనికి చెప్పే మందులూ మామూలే: దీపాలు తగ్గించండి, సంగీతం పెట్టండి, గొంతు దించి మాట్లాడండి. అవి పనికిరానివని కాదు, కానీ రోగం అక్కడ లేదు. ఎదురుగా కూర్చున్న స్నేహితుడు ఇప్పుడే కల్పించిన భూతానికి, అందులోనూ తన కల్పన కూడా కొంత కలిసిన భూతానికి, ఒక మనిషి భయపడటమంటే ఏమిటి? ఇది మొదట తత్వశాస్త్ర ప్రశ్న, ఆ తర్వాతే చిట్కాల ప్రశ్న. దీనికి ఏదో ఒక జవాబు చెప్పుకోకుండా, భయానకమైన ఆటను బాగా నడపడమంటే ఏమిటో చెప్పలేం.

మొత్తం కల్పనా సాహిత్యం గురించి ఈ ప్రశ్న వేసినవాడు తత్వవేత్త కాలిన్ రాడ్‌ఫర్డ్. నవలా నాయిక అన్నా కరెనినా నిజంగా లేదని తెలిసీ ఆమె గతికి ఎలా కదిలిపోతున్నాం అని 1975లో అడిగి, కదిలిపోవడం నిజమేగానీ అందులో పొంతన లేదని తేల్చాడు. మూడేళ్లకు కెండల్ వాల్టన్ మరో దారి చూపాడు. చార్లెస్ అనే ఊహాజనిత ప్రేక్షకుడు సినిమాలో పచ్చటి జిగురు ముద్ద తనవైపు పాకి రావడం చూసి కుర్చీని గట్టిగా పట్టుకుంటాడు, గుండె దడదడలాడుతుంది, కానీ లేచి పరుగెత్తడు, పోలీసులకు ఫోన్ చేయడు. కాబట్టి అతనిది అచ్చమైన భయం కాదని, భయాన్ని పోలిన ఒక స్థితి అని వాల్టన్ వాదం. చెట్టు మొద్దులను ఎలుగుబంట్లు అనుకుని ఆడుకునే పిల్లల్లాగే ప్రేక్షకుడు కూడా ఒక నటన ఆటలో పాల్గొంటున్నాడని ఆయన అన్నాడు. నోయెల్ క్యారల్ 1990లో దీన్ని ఒప్పుకోలేదు. భయపడటానికి నమ్మకం అక్కర్లేదు, ఆ ఆలోచన మనసులో నిలిస్తే చాలు అన్నాడు. ఈ వివాదం ఇంకా తెగలేదు, ఇక్కడ తెంచవలసిన పనీ లేదు. మనకు ముఖ్యమైన సంగతి వేరే ఉంది. చార్లెస్ ఏమీ చేయలేడు. తెర మీది ముద్ద అతని మాట వినదు. బల్ల దగ్గరి ఆటగాడి పరిస్థితి దీనికి తలకిందులు. అతను ఏదో ఒకటి చేసి తీరాలి. "ఏం చేస్తారు?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పకపోతే కథ ముందుకు కదలదు. సినిమా ప్రేక్షకుడి భయం నిజమైనదేనా అన్న సందేహం అతను ఏ చర్యా తీసుకోకపోవడం నుంచి పుట్టింది. ఇక్కడ చర్య ఉంది. అది కల్పనలోనిదే కావచ్చు, కానీ దాన్ని ఎంచుకున్న మనసు మాత్రం కల్పితం కాదు.

మన అలంకారశాస్త్రం ఈ సమస్యను ఇంకా లోతుగా తవ్వింది. నాటకంలోని దుఃఖం ప్రేక్షకుడికి సొంత దుఃఖంగానే తెలిస్తే అతను ఏడ్చి ఇంటికి పోవాలి, పరాయివాడి దుఃఖంగా తెలిస్తే ఉదాసీనంగా ఉండిపోవాలి. మరి రసం ఎక్కడిది అని భట్టనాయకుడు అడిగాడు. సాధారణీకరణం, అంటే భావం ఏ ఒక్కరికీ చెందకుండా అందరిదిగా తెలియడం, అన్న ఆలోచన ఆ ప్రశ్నకు జవాబుగా వచ్చింది. పదో శతాబ్దం చివర కశ్మీరులో అభినవగుప్తుడు నాట్యశాస్త్రానికి వ్యాఖ్య రాస్తూ, కాళిదాసు శాకుంతలం మొదటి అంకంలో దుష్యంతుడి రథం ముందు ప్రాణభయంతో పరుగుతీసే లేడిని ఉదాహరణగా తీసుకున్నాడు. ఆ లేడి భయం చూసేవాడి మనసులో నాది, శత్రువుది, మిత్రుడిది అన్న హద్దులు లేకుండా నిలుస్తుందని, దేశకాలాల పట్టు వదిలిన ఆ భయమే భయానక రసమని ఆయన వివరణ. అంటే అది పోలిక భయమూ కాదు, పొంతన లేని భయమూ కాదు. యజమాని లేని భయం. రాడ్‌ఫర్డ్‌కు చిక్కుముడిగా కనిపించినది ఇక్కడ అనుభవానికి పునాదిగా మారింది. అభినవగుప్తుడు అంతటితో ఆగలేదు. రసానుభవానికి అడ్డుపడే విఘ్నాలను ఏడుగా లెక్కపెట్టాడు: జరిగేది నమ్మశక్యంగా లేకపోవడం, దాన్ని తన సొంత విషయంగానో పూర్తిగా పరాయిదిగానో తీసుకోవడం, తన సొంత సుఖదుఃఖాల్లో మునిగి ఉండటం, విషయం తెలిసే సాధనాలు లోపించడం, స్పష్టత లేకపోవడం, ముఖ్యమైనది వెనకబడిపోవడం, సంశయం. ఆధునిక గేమ్ మాస్టర్ ఎవరైనా ఈ పట్టిక చదివితే తన పాడైపోయిన సాయంత్రాలన్నీ అందులో కనిపిస్తాయి.

అయితే ఒక పెద్ద తేడా ఉంది, దాన్ని దాటవేస్తే వాదం నిలవదు. అభినవగుప్తుడి దృష్టిలో రసం ప్రేక్షకుడిది. నటుడు దాన్ని అందించే గిన్నె మాత్రమే. బల్ల దగ్గర ప్రేక్షకుల వరుసంటూ లేదు. ఒకే మనిషి కవిగా కొంత రాస్తాడు, నటుడిగా పలుకుతాడు, సహృదయుడిగా అనుభవిస్తాడు. రాసేవాడికి తర్వాతి పేజీ చేతిలో ఉంటుంది. భయానికి కావలసిందేమో తర్వాతి పేజీ చేతిలో లేకపోవడం. కథలో అధికారం పెరిగేకొద్దీ భయం తగ్గాలి కదా? ఆటగాడికి అధికారం ఇవ్వడమే ఈ ఆటల లక్షణం కాబట్టి, భయానక రోల్‌ప్లేయింగ్ ఆట అన్న మాటలోనే వైరుధ్యం ఉందని ఎవరైనా అంటే కొట్టిపారేయలేం. నలభై ఏళ్లుగా ఈ ఆటలు రూపొందించినవాళ్లు చేసిన ప్రయత్నాలన్నిటినీ ఈ వైరుధ్యానికి ఇచ్చిన జవాబులుగా చదవవచ్చు.

మొదటి అడ్డంకి వీరరసం. సాహిత్యదర్పణకారుడు విశ్వనాథుడు రసాల విరోధాలు చెబుతూ వీర, రౌద్ర, హాస్య రసాలను భయానకానికి విరోధుల్లో చేర్చాడు. నాట్యశాస్త్రకర్త భరతుడు కూడా భయాన్ని అల్పుల స్వభావంగానే చెప్పి, ఉత్తమ పాత్రలకు గురువుల ముందు, రాజుల ముందు కృతకంగా చూపే భయం మాత్రమే మిగిల్చాడు. (ఆ అల్పుల జాబితాలో స్త్రీలను చేర్చడం ఆ కాలపు దురభిప్రాయం.) డంజన్స్ అండ్ డ్రాగన్స్ పాత్రలు పుట్టుకతోనే ఉత్తమ పాత్రలు. కత్తి, కవచం, మంత్రాలు, ఆట ఆడేకొద్దీ పెరిగే స్థాయి, ఇవన్నీ వీరరస సామగ్రి. 1983లో ట్రేసీ, లారా హిక్‌మన్ దంపతులు ఆ ఆటకు రాసిన రేవన్‌లాఫ్ట్ అనే సాహస కథలో పాడుబడ్డ కోట ఉంది, పొగమంచు ఉంది, స్ట్రాడ్ అనే పిశాచ ప్రభువు ఉన్నాడు, పేకముక్కలతో జోస్యం చెప్పే మనిషి ఉంది. వాతావరణం అద్భుతం. అయినా స్ట్రాడ్ చివరికి చంపదగిన శత్రువు. చంపదగిన దాన్ని చూస్తే ఆటగాడికి ముందు ఉత్సాహం వస్తుంది, ఆ తర్వాతే భయం, అదీ కొంచెం.

ఈ చిక్కును మొదట సూటిగా ఎదుర్కొన్నది శాండీ పీటర్సన్ రూపొందించగా 1981లో కేయోసియం సంస్థ తెచ్చిన కాల్ ఆఫ్ కథూలు. హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ 1920ల్లో, 30ల్లో రాసిన కథల లోకం అది: మనిషి అక్కరలేని విశ్వం, మనిషిని పట్టించుకోని ప్రాచీన శక్తులు. ఇక్కడ పాత్రలు యోధులు కారు. ప్రొఫెసర్లు, పత్రికా విలేకరులు, పాత పుస్తకాల వ్యాపారులు. వీళ్ల కాగితం మీద ఆరోగ్యంతోపాటు శానిటీ అనే అంకె ఒకటి ఉంటుంది. చూడకూడనిది చూసినప్పుడల్లా అది తగ్గుతుంది. ఇందులో రెండు నియమాలు తత్వవేత్తలు కూడా ఆగి చూడవలసినవి. ఆ గుప్త లోకం గురించిన జ్ఞానం ఎంత పెరిగితే శానిటీకి ఉన్న గరిష్ఠ హద్దు అంత కిందికి జారుతుంది. ఒక్క దెబ్బలో ఐదు పాయింట్లో అంతకుమించో పోతే ఆటగాడు పాత్ర తెలివి మీద పాచిక వేస్తాడు, గెలిస్తే పిచ్చెక్కుతుంది. ఓడితే మనసు ఆ దృశ్యాన్ని మరుగున పడేసి కాపాడుతుంది. అర్థం చేసుకోవడమే శిక్ష అని ఇంత పొదుపుగా చెప్పిన నియమం మరో ఆటలో నేను ఎరగను. అయినా దీని పరిధి చిన్నది. అంకె తగ్గినప్పుడు భయపడింది పాత్ర. ఆటగాడు రబ్బరుతో పాత అంకె చెరిపి కొత్తది రాసుకున్నాడు, అంతే. చాలా బల్లల దగ్గర అది ఖర్చుపెట్టుకునే మరో నిల్వగా, నవ్వుకునే వేడుకగా మారిపోయింది. పైగా పాత ముద్రణల్లో మానసిక వ్యాధులను పాచిక వేసి జాబితాలోంచి ఎత్తుకోవడం, ఆ బాధ తెలిసినవాళ్లకు అవమానంగా తోచిందంటే వాళ్లది తప్పు కాదు.

అంకె ఆటగాడిని చేరలేదు కాబట్టి ఎపిడియా రావషోల్, నథానియల్ బార్మోర్ 2005లో డ్రెడ్ అనే ఆటలో పాచికలను పూర్తిగా తీసేశారు. వాటి బదులు బల్ల మధ్య చెక్క దిమ్మెలు పేర్చిన జెంగా గోపురం నిలబెట్టారు. పాత్ర ప్రమాదకరమైన పని చేయబోతే ఆటగాడు ఒక చెక్క దిమ్మె లాగి పైన పెట్టాలి. గోపురం కూలితే ఆ పాత్ర కథలోంచి పోతుంది. నాట్యశాస్త్రం భయానకానికి చెప్పిన అనుభావాలు, చేతులు వణకడం, గొంతు మారడం, ఇక్కడ నటించనక్కర్లేకుండానే వస్తాయి. అది గోపురం భయమేగానీ కథ భయం కాదుకదా అనవచ్చు. కానీ అవే దిమ్మెలతో పుట్టినరోజు పండుగలో ఆడుకునే పిల్లలు కేరింతలు కొడతారు. ఎవరికీ భయానకం అనుభవంలోకి రాదు. చేతి వణుకుకు కథ అర్థం ఇస్తుంది, కథకు చేతి వణుకు బరువు ఇస్తుంది. ఇంతకంటే ముఖ్యమైన నియమం ఒకటి ఆ ఆటలో ఉంది. దిమ్మె లాగనని ఆటగాడు అనవచ్చు. అప్పుడు తలపెట్టిన పని జరగదు, పాత్ర బతుకుతుంది. కావాలని గోపురాన్ని పడగొట్టనూవచ్చు. పాత్ర పోతుంది, కానీ ఆ పోవడం ఎవరినో కాపాడుతుంది. తలుపు అవతల స్నేహితుడు అరుస్తున్నప్పుడు "నేను లాగను" అన్న మాటలో ఉన్న బరువు ఏ భూత వర్ణనలోనూ ఉండదు. ఆటగాడి కళ్లు ఆ క్షణంలో గోపురం మీద ఉండవు, తోటి ఆటగాడి మీద ఉంటాయి.

స్టీఫెన్ డ్యూయీ 2015లో తెచ్చిన టెన్ కాండిల్స్ మరో అడుగు వేసింది. చీకటి గదిలో పది చిన్న కొవ్వొత్తులు వెలిగించి ఆడతారు. పాచికలు మొండికేసినప్పుడు ఒక్కొక్కటి ఆరుతుంది. చివరిది ఆరే వేళకు పాత్రలన్నీ చనిపోతాయని మొదట్లోనే అందరికీ తెలుసు. ఉత్కంఠే భయానికి మూలమైతే ఈ ఆట మొదలవకముందే చచ్చిపోవాలి. బతుకుతామా లేదా అన్న ప్రశ్నే లేదు. కానీ అది నడుస్తుంది, బాగా నడిపేవాళ్ల చేతుల్లో గట్టిగా నడుస్తుంది. ఎందుకు? చావు ఖాయమయ్యాక మిగిలే ప్రశ్న, ఆ మిగిలిన కాసేపట్లో నేనెలాంటి మనిషిగా ప్రవర్తిస్తాను అన్నది. గాయపడినవాణ్ని మోస్తానా, వదిలేస్తానా? ఇదీ ఆటగాడే తేల్చాలి, పాచికలు తేల్చవు.

భరతుడు భయానకాన్ని మూడు రకాలుగా విభజించాడు: వ్యాజం వల్ల కలిగేది, అంటే నటించే భయం; అపరాధం వల్ల కలిగేది; ఎవరో బెదిరించడం వల్ల కలిగేది. బల్ల దగ్గర ఈ మూడూ ఉంటాయి. పాత్ర భయపడిందని ఆటగాడు మర్యాదకు చెప్పేది మొదటి రకం. హఠాత్తుగా బల్ల చరచడం, గోడలోంచి చెయ్యి బయటికి రావడం, నెత్తురు వర్ణనలు మూడో రకం. గేమ్ మాస్టర్లలో ఎక్కువమంది తమ శక్తంతా ఈ మూడోదాని మీదే పోస్తారు. అక్కడ వాళ్లు సినిమాతో పోటీ పడుతున్నారు, ఓడిపోవడం తప్పదు. కెమెరా, శబ్దం, ఎడిటింగ్ చేసే పనిని ఒక మనిషి గొంతు చేయలేదు. బల్లకు సొంతమైనది రెండోది. భరతుడి మనసులో ఉన్నది గురువుకో రాజుకో అపరాధం చేసినవాడి భయం. దాన్ని నేను కొంత విస్తరించి వాడుతున్నాను. సినిమాలో నేలమాళిగ తలుపు తీసింది కథానాయిక. నవలలో రచయిత. ఇక్కడ తీసింది నేను. ఆ తలుపు వెనక ఉన్నది ఊళ్లోకి వచ్చి ఒక బిడ్డను ఎత్తుకుపోతే, అది జరిగిన కారణాల్లో నా మాట ఒకటి. బిడ్డ కల్పితం, ఊరు కల్పితం. "తీద్దాం" అన్నది మాత్రం నేనే, నలుగురి ముందు అన్నాను. ఆటగాడి అధికారం భయాన్ని చంపుతుందన్న వైరుధ్యం ఇక్కడ విడిపోతుంది. అధికారం బెదిరింపు భయాన్ని చంపుతుంది. అపరాధ భయాన్ని పుట్టించేది అధికారమే. ఏమీ చేయలేనివాడికి అపరాధం ఉండదు. డెల్టా గ్రీన్ అనే ఆట ఈ సంగతిని నియమంగా మార్చింది. అందులో పాత్ర తన మనసుకు తగలబోయే దెబ్బను కొంత తగ్గించుకోవచ్చు, కానీ ఆ మేరకు భార్యతోనో, కూతురితోనో, పాత స్నేహితుడితోనో ఉన్న బంధం క్షీణిస్తుంది. రాక్షసిని ఎదిరించి ఇంటికి వచ్చిన మనిషి అన్నం ముందు మూగగా కూర్చునే దృశ్యాన్ని ఆటగాడే చెప్పాలి. ఆ దృశ్యంలో భూతం లేదు. ఆటలో అన్నిటికంటే భయపెట్టేది మాత్రం అదే.

ఇది ఒప్పుకుంటే ఆట నడపడంలో ఏది ముఖ్యమో, ఏది కాదో మారిపోతుంది. ఏ తలుపు తీసినా అదే భూతం ఎదురొచ్చేలా ముందే సర్దిపెట్టుకోవడం గేమ్ మాస్టర్లలో పాత అలవాటు. పాచిక నచ్చకపోతే తెర వెనక అంకె మార్చేయడం ఇంకా పాతది. కథ బాగుండాలంటే కొంచెం మాయ తప్పదని సమర్థిస్తారు. సాహస కథల్లో ఈ సమర్థన చెల్లుతుందేమో, భయానకంలో చెల్లదు. ఏది ఎంచుకున్నా ఫలితం ఒకటేనని ఆటగాడికి అనుమానం వచ్చిన క్షణంలో అతని అపరాధం గేమ్ మాస్టర్ ఖాతాలోకి వెళ్లిపోతుంది. "నువ్వే చంపావు, నేను కాదు" అని అతను మనసులో అనుకుంటాడు; ఆ తర్వాత ఎన్ని కొవ్వొత్తులు వెలిగించినా వృథా. మోసం బయటపడకపోతే సరేకదా అనేవాళ్లుంటారు. కానీ నెలల తరబడి ఒకే బల్ల దగ్గర కూర్చునే స్నేహితుల ముందు అలవాటైన మోసం దాగదు. ముఖంలో తెలుస్తుంది.

సమాచారం విషయమూ ఇంతే. తత్వవేత్త ఎడ్మండ్ బర్క్ 1757లో భీతికి అస్పష్టత అవసరమని వాదించాడు. దాన్ని తప్పుగా అన్వయించి కొందరు ఆధారాలన్నీ దాచిపెడతారు. పాచిక తప్పితే డైరీ దొరకదు, డైరీ దొరకకపోతే దర్యాప్తు ఆగిపోతుంది, ఆటగాళ్లు బిక్కమొహాలు వేసుకుని గదులు వెతుకుతూ కూర్చుంటారు. వాళ్లకు కలిగేది విసుగు. రాబిన్ లాస్ గమ్‌షూ అనే పద్ధతిలో దీన్ని సరిచేశాడు. కెన్నెత్ హైట్ 2008లో ట్రెయిల్ ఆఫ్ కథూలుతో దాన్ని లవ్‌క్రాఫ్ట్ లోకానికి తెచ్చాడు. సరైనచోట వెతికితే, ఆ విద్య పాత్రకు ఉంటే, ముఖ్యమైన ఆధారం దొరికి తీరుతుంది. పాచిక అక్కడ అడ్డు రాదు. తెలుసుకున్నాక ఏం చేస్తారన్నదే కథ. ఆధారాలు దాచిపెడితే ఎదురయ్యేవి అభినవగుప్తుడు చెప్పిన సాధన లోపం, అస్పష్టత అనే విఘ్నాలే. బర్క్ చెప్పిందీ కాదనలేం. భూతం రూపం ఎంత చీకట్లో ఉన్నా పరవాలేదు, ఉంటేనే మంచిది. నేను తప్పు చేస్తే ఏం పోతుందన్నది మాత్రం పట్టపగలంత స్పష్టంగా ఉండాలి.

నవ్వు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. భయం మొదలైనప్పుడే మనుషులు నవ్వుతారు. నవ్వారని ఆటగాళ్లను కసిరే గేమ్ మాస్టర్ అప్పుడే పుడుతున్న భయాన్ని తన చేతులతో చంపుకుంటాడు. నవ్వనిచ్చి, ఆగి, మళ్లీ "ఏం చేస్తారు?" అని అడిగితే చాలు.

ఇక గట్టి అభ్యంతరం ఒకటుంది. ఇటీవలి కాలంలో ఈ ఆటల్లో రక్షణ ఏర్పాట్లు వచ్చాయి. కథలోకి అసలు రాకూడని విషయాలు, వచ్చినా వర్ణించకుండా తెర దించవలసిన విషయాలు అని రెండు హద్దులు ముందే గీసుకోవడం రాన్ ఎడ్వర్డ్స్ 2003లో ప్రతిపాదించాడు. ఆ తర్వాత జాన్ స్టావ్రోపౌలోస్ ఎక్స్-కార్డ్ తెచ్చాడు: బల్ల మీద ఎక్స్ గుర్తున్న కార్డు ఉంటుంది, ఎవరు తాకినా ఆ సంగతిని కారణం అడగకుండా కథలోంచి తీసేస్తారు. ఎప్పుడంటే అప్పుడు ఆపగలిగేది భయమెలా అవుతుందని ఎగతాళి చేసేవాళ్లు చాలామంది. వాళ్ల వాదనకు జవాబు వాల్టన్ ఉదాహరణలోనే ఉంది: చార్లెస్ కూడా హాల్లోంచి లేచిపోగలడు, పోడు. పోగలిగీ కూర్చోవడమే అతని అనుభవానికి అర్థం. ప్రమాదం మరీ దగ్గరికొస్తే దానిలో ఆస్వాదన ఉండదని బర్క్ అన్నదీ, సొంత సుఖదుఃఖాల్లో చిక్కుకున్నవాడికి రసం అందదని అభినవగుప్తుడు అన్నదీ ఒకటే సంగతి. నిజంగా బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు పోయిన బిడ్డ కథ నడిపితే ఆమెకు కలిగేది భయానక రసం కాదు, పాత గాయం. దాన్ని తన ప్రతిభ అనుకునే గేమ్ మాస్టర్ క్రూరుడు, కళాకారుడు కాదు. అయితే ఎగతాళి చేసేవాళ్ల వైపు కూడా ఒక నిజముంది. కార్డు పెట్టేశాం కాబట్టి ఇక చూసుకోనక్కర్లేదన్న నిర్లక్ష్యం కొన్నిచోట్ల వచ్చింది. నిజంగా బాధలో ఉన్నవాడికి చాలాసార్లు చెయ్యి ఎత్తే ధైర్యం ఉండదు. కార్డు గేమ్ మాస్టర్ కళ్లకు బదులు కాదు. మౌనంగా అయిపోయిన మనిషిని గమనించి ఆట ఆపడం ఏ కార్డూ చేయని పని.

మతం వైపు నుంచి వచ్చిన అభ్యంతరం ఇంకా పాతది. 1980లలో అమెరికాలో ఈ ఆటలు పిల్లలను సైతాను ఆరాధనలోకి లాగుతున్నాయని పెద్ద ప్రచారం జరిగింది. ప్యాట్రీషియా పుల్లింగ్ 1983లో దీనికోసమే ఒక సంస్థ పెట్టారు. మరుసటి ఏడాది జాక్ చిక్ డార్క్ డంజన్స్ అనే బొమ్మల కరపత్రం వేశాడు. ఆ ఆరోపణలు నిలవలేదు. కానీ వాటి వెనక ఉన్న ప్రశ్న తెలివితక్కువది కాదు. చెడును అనుకరిస్తే అది అలవాటవుతుందేమో అని ప్లేటోనే అడిగాడు. అయితే భయంకరమైన రూపాన్ని ఊహించుకోవడమే దోషమైతే మన గుళ్లు చాలావాటికి తాళాలు వేయాలి. అహోబిలంలో ఉగ్రనరసింహుణ్ని కొలుస్తాం. కఠోపనిషత్తులో ఒక పిల్లవాడు మృత్యువు ఇంటి ముందు కూర్చుంటాడు. గీత పదకొండో అధ్యాయంలో అర్జునుడు అడిగి మరీ విశ్వరూపం చూసి, వణికిపోయి, పాత రూపానికి రమ్మని ప్రాధేయపడతాడు. చూడకూడనంత పెద్దదాన్ని చూసిన మనిషి కుదేలవడం కాల్ ఆఫ్ కథూలుకు ఎంత తెలుసో మనకూ అంతే తెలుసు. తేడా తర్వాత జరిగేదానిలో ఉంది. అర్జునుణ్ని ఓదార్చేవాడున్నాడు. లవ్‌క్రాఫ్ట్ విశ్వంలో ఓదార్పు లేదు, కోపం కూడా లేదు.

మత అభ్యంతరంలో బలమైన భాగం నాకు వేరేచోట కనిపిస్తుంది: భయం ఎవరి మీదికి వేలు చూపిస్తోంది? లవ్‌క్రాఫ్ట్ జాత్యహంకారి, అది అతని ఉత్తరాల్లోనే కాదు, కథల్లోనూ ఉంది. 1928లో అచ్చయిన ది కాల్ ఆఫ్ కథూలులోనే, ఆ ప్రాచీన శక్తిని కొలిచేవాళ్లు తెల్లవాళ్లు కాని మనుషులుగా, అసహ్యంగా వర్ణితమయ్యారు. ఆ సామగ్రిని అలాగే ఎత్తుకుని ఆట నడిపితే ఆటగాళ్లు నేర్చుకునేది విశ్వం ముందు భయం కాదు, పొరుగువాడి ముందు భయం. క్రిస్ స్పైవీ 2017లో తెచ్చిన హార్లెమ్ అన్‌బౌండ్ ఈ లోకాన్నే 1920ల నల్లజాతి న్యూయార్కులో నిలబెట్టి, దర్యాప్తు చేసే కళ్లను మార్చింది. అక్కడ భూతం ఎంత నిజమో పోలీసు కూడా అంత నిజం. ఏ దేవుణ్ని కొలిచేవాళ్లను ఊరికే శత్రువులుగా చూపుతున్నాం అన్న ప్రశ్న మన గ్రామదేవతల కథలతోనో క్షుద్రపూజల కథలతోనో ఆట కట్టాలనుకునే తెలుగువారికి కూడా నూటికి నూరుపాళ్లూ వర్తిస్తుంది. చేతబడి అనుమానంతో మనుషులను చంపిన వార్తలు మన పత్రికల్లో ఇంకా వస్తున్న కాలం ఇది. అలాంటి కథలో ఊరివాళ్లు ఒక వృద్ధురాలిని మంత్రగత్తె అంటున్నప్పుడు ఆట అడగవలసిన ప్రశ్న ఆమె మంత్రగత్తె అవునా కాదా అన్నది కాదు. ఆటగాళ్లు ఆ గుంపులో ఎక్కడ నిలబడతారన్నది.

చివరగా ఒక సందేహం మిగులుతుంది. కర్మను, దేవుణ్ని నమ్మేవాడికి ఎవరూ పట్టించుకోని విశ్వం అసలు భయం పుట్టిస్తుందా? పుట్టించకపోవచ్చు. నాస్తికుడికి దయ్యం పుట్టించకపోవచ్చు. భూతం స్వరూపం మీద, విశ్వం స్వరూపం మీద ఆధారపడ్డ భయానకానికి ఈ పరిమితి తప్పదు. ఆటగాడి నమ్మకం మారితే అది చప్పబడుతుంది. చేసిన పనికి జవాబుదారీ ఉందన్నది మాత్రం కర్మ నమ్మేవాడూ ఒప్పుకుంటాడు, ఏ దేవుణ్నీ నమ్మనివాడూ ఒప్పుకుంటాడు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఒకే తలుపు ముందు ఆగి, ఒకే రకంగా తటపటాయించగలరు. అందుకే భయానకమైన ఆటకు కావలసింది దయ్యాల గురించి ఎక్కువ తెలిసిన గేమ్ మాస్టర్ కాదు. ఆటగాళ్ల నిర్ణయాలను కాగితం మీద రాసిపెట్టుకుని, మూడు వారాల తర్వాత వాటి ఫలితాన్ని మార్చకుండా, మెత్తబరచకుండా, ఎవరినీ వేధించకుండా వాళ్ల ముందు పెట్టగలిగినవాడు కావాలి. ఆ ఓపిక లేనివాళ్లు సాహస కథలు నడుపుకోవడం మేలు. వాటిలోనూ సాయంత్రం హాయిగానే గడుస్తుంది.